పిల్లల కారు సీటు: ఏం కొలవాలి, ఎలా బిగించాలి, ఎప్పుడు మార్చాలి

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా కొత్త కారు ఇంటికొచ్చిన వారంలోపే సీటు కవర్లు, మ్యాట్లు, ఫోన్ పెట్టుకునే స్టాండు, బంపర్‌కి నిమ్మకాయా మిరపకాయలూ అన్నీ వచ్చేస్తాయి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డ చోటు మాత్రం ముందు సీట్లో అమ్మ ఒళ్లోనే. ఆ ఒడి నుంచి బిడ్డని సొంత సీట్లోకి ఎలా మార్చాలో, ఏ సీటు కొనాలో, అది ఎన్నాళ్లు పనికొస్తుందో వరసగా రాస్తున్నాను.

ముందు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్నకి జవాబు సిద్ధం చేసుకోండి. "గట్టిగా పట్టుకుంటాం కదా, మళ్లీ సీటెందుకు?" అంటారు. కారు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నైనా గుద్దితే సెకనులో పదో వంతులో ఆగిపోతుంది. లోపలున్న మనుషులు మాత్రం అదే వేగంతో ముందుకి పోతూ ఉంటారు. 10 కిలోల బిడ్డని ఆ క్షణంలో ఆపాలంటే ఒకటిన్నర నుంచి రెండు క్వింటాళ్ల బరువు ఎత్తేంత బలం కావాలి, అదీ కనురెప్ప వేసేలోపు. ఎంత గట్టి చేతులకైనా అది కుదరదు. పట్టుకున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ఆ మనిషి బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇది 50 వేగానికి లెక్క. ఎచ్చెర్ల దాటి హైవే మీద పడ్డాక 50లో వెళ్లేవాళ్లు ఎంతమంది?

చట్టం కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194బి అనే సెక్షన్ పెట్టారు. 14 ఏళ్లలోపు పిల్లల్ని సీటు బెల్టుతోగానీ పిల్లల సీటుతోగానీ కట్టకుండా బండి నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా. దానికి భయపడి సీటు కొనమని నేను చెప్పను. కానీ ఇంట్లో వాదన తెగనప్పుడు "చట్టమే ఉంది" అనడం కొందరి దగ్గర బాగా పనిచేస్తుంది.

మొదట బిడ్డని కొలవండి

సీటు పెట్టె మీద "0 నుంచి 4 ఏళ్లు", "3 నుంచి 12 ఏళ్లు" అని రాసి ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఆ వయసులు వేరే దేశాల పిల్లల సగటు చూసి రాసినవి. మన పిల్లల్లో నాలుగేళ్లు నిండినా 13 కిలోలు దాటనివాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి బిడ్డని వయసు చూసి పెద్ద సీట్లోకి మారిస్తే బెల్టు మెడకి తగులుతుంది, నడుము బెల్టు పొట్ట మీదకి ఎక్కుతుంది.

కావలసినవి రెండు అంకెలు: బరువు, ఎత్తు. బరువు అంగన్‌వాడీలోనో, టీకాకి వెళ్లినప్పుడు ఆసుపత్రిలోనో చూసి కార్డు మీద రాస్తారు. ఆ కార్డు తీసి చూడండి. నెల దాటి ఉంటే మళ్లీ తూయించండి. ఎత్తు ఇంట్లోనే కొలవొచ్చు. చెప్పులు విప్పి, మడమలు గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి టేపుతో కొలవండి. ఇంకా నిలబడలేని బిడ్డని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు చాపి కొలవాలి. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు నొక్కి పట్టాలి.

ఈ రెండు అంకెలూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ప్రతి మూడు నెలలకీ మళ్లీ కొలవండి. ఇక్కడి నుంచి వచ్చే ప్రతి నిర్ణయం వీటి మీదే నడుస్తుంది.

తర్వాత కారుని చూడండి

అంగట్లో సీటు ఎంత బాగున్నా మీ కారులో కదలకుండా కూర్చోకపోతే దండగే. కొనే ముందు ఒక పావుగంట కారు వెనక సీట్లో గడపండి.

ముందు బెల్టులు వెతకండి. నవ్వొద్దు, చాలా కార్లలో ఇది నిజంగా వెతకాల్సిన పనే. షోరూమ్‌లోనో బయటో వేయించిన మందపాటి రెక్సిన్ కవర్ల కింద వెనక సీటు బకిళ్లు పూర్తిగా పూడిపోయి ఉంటాయి. వాటిని పైకి తీసి, బెల్టు పూర్తిగా లాగి, గట్టిగా ఒక్క గుంజు గుంజి చూడండి. గుంజినప్పుడు పట్టుకుపోవాలి, వదిలితే లోపలికి చుట్టుకోవాలి. అలారం మోగకుండా బకిల్‌లో ఉత్త క్లిప్పు పెట్టి ఉంటే తీసి పారేయండి.

నడిమి సీటులో ఏ రకం బెల్టు ఉందో చూడండి. పాత కార్లలో అక్కడ నడుముకి మాత్రమే బెల్టు ఉంటుంది, భుజం మీదుగా వచ్చేది ఉండదు. బెల్టుతో బిగించే పిల్లల సీట్లలో చాలావాటికి భుజం బెల్టు కూడా ఉండి తీరాలి. అలాంటి కారులో సీటు కిటికీ పక్కకి రావాల్సిందే. అప్పుడు డ్రైవర్ వెనక కాకుండా ఎడమ వైపు పెట్టండి. మనం ఎడమ పక్కన బండి ఆపుతాం కాబట్టి బిడ్డని దించేటప్పుడు మీరు రోడ్డు మీద కాకుండా అంచున నిలబడతారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం గంటస్తంభం దగ్గరో బండి ఆపి బిడ్డని దించి చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఐసోఫిక్స్. వెనక సీటులో కూర్చునే భాగానికీ వీపు ఆనే భాగానికీ మధ్య సందులో చెయ్యి పెట్టి తడమండి. దాదాపు ఒక జానెడు కంటే కాస్త ఎక్కువ దూరంలో రెండు ఇనుప కడ్డీలు తగిలితే మీ కారుకి ఐసోఫిక్స్ ఉన్నట్టు. పిల్లల సీటు కింద ఉండే రెండు కొక్కేలు వాటికి టక్కున తగులుకుంటాయి. కొత్తగా వచ్చే కార్లలో ఇవి మామూలైపోయాయి. పదేళ్ల నాటి చిన్న కార్లలో ఎక్కువగా ఉండవు. ఇక్కడా సీటు కవరే అడ్డం. కడ్డీలు ఉన్నా కవరు వాటిని మూసేసి ఉంటుంది. కవరు కుట్టినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి ఆ రెండు చోట్లా చీలిక పెట్టించండి, అయిదు నిమిషాల పని. బెల్టుతో బిగించే సీటైతే ఆ జారుడు రెక్సిన్ మీద పట్టు దొరకదు. అలాంటప్పుడు ఆ ఒక్క సీటు వరకైనా కవరు తీసేయడమే మంచిది.

ఐసోఫిక్స్ సీట్లకి మూడో ఆధారం కూడా ఉంటుంది. కొన్నిటికి పైనుంచి వెనక్కి వెళ్లే పట్టీ, కొన్నిటికి కిందకి నేలకి ఆనే కాలు. పట్టీ ఉన్నదైతే దాన్ని తగిలించే కొక్కెం మీ కారులో ఎక్కడుందో చూసుకోండి, సీటు వీపు వెనకో డిక్కీలోనో ఉంటుంది. సామాను కట్టే కొక్కేన్ని చూసి అదే అనుకోకండి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కార్లలో అక్కడికి చెయ్యి అందకపోవచ్చు. కాలు ఉన్న సీటైతే దాని కింద నేల గట్టిగా ఉండాలి. కొన్ని కార్లలో అక్కడ సామాను పెట్టుకునే అర, దాని మీద మూత ఉంటుంది. ఆ మూత మీద కాలు ఆనించకూడదు.

కారు మాన్యువల్‌లో పిల్లల సీట్ల గురించి ఒక పట్టిక ఉంటుంది. కారులో ఏ చోట, ఎంత బరువున్న బిడ్డ కోసం చేసిన సీటు పెట్టొచ్చో అక్షరాలతో చెబుతుంది. 'యు' అని ఉంటే అన్ని కార్లకీ సరిపోయేలా చేసిన సీట్లు అక్కడ పెట్టొచ్చు. 'ఎక్స్' అని ఉంటే పెట్టకూడదు. అందరూ ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా డ్యాష్‌బోర్డులో దాచేస్తారు గానీ, ఈ ఒక్క పేజీ చదివితే సగం టెన్షన్ పోతుంది.

బొలెరో లాంటి బండ్లలో బాగా వెనక, పక్కకి చూస్తూ ఉండే సీట్లుంటాయి కదా, వాటి మీద ఏ పిల్లల సీటూ పెట్టకూడదు. ముందుకి చూసే కారు సీటు మీదే పెట్టాలి.

ఇక ఏ సీటు?

సీట్లు స్థూలంగా మూడు దశలు.

మొదటిది, బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండే సీటు. పుట్టిన రోజు నుంచి ఇదే. పసిబిడ్డ తల ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. బిడ్డ ముందుకి తిరిగి కూర్చున్నప్పుడు కారు గుద్దుకుంటే ఒళ్లు బెల్టుల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకి విసురుగా వెళ్తుంది, ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు వీపులోకి ఒదిగిపోతాయి.

అందుకే ఈ మొత్తం వ్యవహారంలో నేను మొండిగా చెప్పేది ఒక్కటే: ముందుకి తిప్పడానికి తొందరపడకండి. సీట్లకి బరువు లెక్కన పాత ప్రమాణం, ఎత్తు లెక్కన కొత్త ప్రమాణం ఉన్నాయి (గుర్తులు కింద లేబుల్ దగ్గర చెబుతాను); ఎత్తు లెక్కన చేసే కొత్త యూరప్ ప్రమాణంలో కనీసం 15 నెలలు నిండేదాకా వెనక్కి తిరిగే ఉండాలి. అది కనీసం మాత్రమే. సీటు ఒప్పుకున్నంత కాలం, రెండేళ్లూ ఇంకా పైనా అలాగే ఉంచండి. "కాళ్లు ముడుచుకుపోతున్నాయి, పాపం" అంటారు. పిల్లలు నేల మీద కూర్చున్నా బాసింపట్టే వేస్తారు. కాళ్లు సీటు వీపుకి తగలడం సీటు చిన్నదైపోయిందని గుర్తు కాదు. బరువు సీటు మీద రాసిన హద్దు దాటినప్పుడో, తల పైభాగం సీటు అంచుకి రెండు వేళ్ల దూరంలోకి వచ్చినప్పుడో చిన్నదైనట్టు.

ఈ దశకి రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పిడి ఉన్న బుట్ట లాంటిది. నిద్రపోతున్న బిడ్డని అలాగే ఎత్తి ఇంట్లోకి తీసుకెళ్లొచ్చు. పాత బరువు లెక్కలో ఇది 13 కిలోల వరకు. ఇంకొకటి వెనక్కీ ముందుకీ రెండు వైపులా తిప్పి వాడుకునేది, 18 కిలోల వరకో అంతకంటే ఎక్కువో. ఒకటే కారు, ఖర్చు చూసుకోవాల్సిన ఇల్లు అయితే రెండోదే తీసుకోమంటాను. కానీ పుట్టిన బిడ్డకి అందులో మెత్త సరిగ్గా అమరుతుందో లేదో చూసుకోవాలి. బిడ్డ తక్కువ బరువుతో పుడితే భుజాల బెల్టులు అన్నిటికంటే కింది రంధ్రంలో పెట్టినా చెవుల దాకా వచ్చేస్తాయి. అలాంటప్పుడు బుట్ట సీటే మేలు.

రెండోది ముందుకి తిరిగి, అయిదు చోట్ల పట్టే బెల్టులతో ఉండే సీటు. దాదాపు 18 కిలోలు లేదా 105 సెంటీమీటర్ల వరకు. ఐసోఫిక్స్ సీట్లలో ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ కొక్కేలకి ఒక బరువు పరిమితి ఉంది, ఎత్తు లెక్క సీట్లలో బిడ్డ బరువూ సీటు బరువూ కలిపి 33 కిలోలు. సీటే 12, 13 కిలోలు ఉంటే బిడ్డకి మిగిలేది ఎంతో చూసుకోండి.

మూడోది బూస్టర్. ఇది బిడ్డని ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టు సరైన చోట పడేలా చేస్తుంది, అంతే. కనీసం 15 కిలోలు, 100 సెంటీమీటర్లు ఉండాలి. వీపు ఉన్నదే కొనండి. వీపు లేని ఉత్త పీట రకం చవగ్గా దొరుకుతుంది గానీ, పిల్లలు నిద్రలో పక్కకి ఒరిగిపోతారు, అప్పుడు భుజం బెల్టు ఎక్కడో ఉంటుంది.

"0 నుంచి 36 కిలోల వరకు ఒకటే సీటు" అని అమ్మేవి కూడా ఉన్నాయి. ఒకసారి డబ్బు పెడితే పన్నెండేళ్లు చూసుకోనక్కర్లేదని ఆశ పుడుతుంది. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. అన్నిటికీ సరిపోవాలని చేసినది పసిబిడ్డకి లోతుగానూ, పదేళ్ల పిల్లకి ఇరుగ్గానూ ఉంటుంది. పైగా సీటు ప్లాస్టిక్‌కి వాడకం గడువు ఉంటుంది, సాధారణంగా 6 నుంచి 10 ఏళ్లు. పన్నెండేళ్ల లెక్క అక్కడే తప్పుతుంది.

లేబుల్ మీద ఏం చూడాలి

సీటు ఒంటికే అతికించి ఉన్న స్టిక్కర్ చూడండి, పెట్టె మీద అచ్చువేసినది కాదు. వృత్తంలో 'ఇ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. కింద 'ఆర్44/04' అనో 'ఆర్129' అనో ఉంటుంది. మొదటిది బరువు లెక్కన చేసిన పాత ప్రమాణం, రెండోది ఎత్తు లెక్కన చేసిన కొత్తది. దీన్నే ఐ-సైజ్ అని కూడా అమ్ముతారు. మన దేశ ప్రమాణం పేరు ఏఐఎస్ 072. ఇందులో ఏ గుర్తూ సీటు మీద లేకపోతే, ధర ఎంత తక్కువైనా, బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా అది వట్టి కుర్చీ. బెల్టులున్న గుడ్డ సంచీ లాంటివి, కారు సీటుకి తాడుతో కట్టేవి కూడా కారు సీట్ల పేరుతోనే అమ్ముతున్నారు. వాటి జోలికి పోవద్దు.

మన ఊళ్లలో పిల్లల సామాను దుకాణాల్లో ఒకటి రెండు మోడళ్ల కంటే పెట్టరు. విశాఖ వెళ్లే పని ఉంటే అక్కడి పెద్ద దుకాణానికి మీ కారులోనే, బిడ్డతో సహా వెళ్లండి. డబ్బు కట్టే ముందు సీటు కారులో పెట్టి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో దుకాణం చూసుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు ఎన్ని రోజులో ముందే చూసుకుని, పార్సిల్ వచ్చిన రోజే కారులో బిగించి చూడండి, అప్పటిదాకా అట్టపెట్టె పారేయొద్దు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చే సీట్లు మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నాయి. సీటు మంచిదే కావొచ్చు, చిక్కు బెల్టు దగ్గర వస్తుంది. అక్కడి కార్లలో వెనక బెల్టుని పూర్తిగా బయటికి లాగితే తాళం పడి మళ్లీ సాగదు, ఆ నమ్మకం మీదే ఆ సీట్లు తయారవుతాయి. మన కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. సీటుకే బెల్టుని నొక్కి పట్టే క్లిప్పు ఉంటే సరే, లేకపోతే ఎంత బిగించినా పది నిమిషాల్లో వదులైపోతుంది. ప్రేమతో ఇచ్చారని మొహమాటపడకుండా బిగించి చూసి నిర్ణయించుకోండి.

ఎవరో వాడిన సీటు తీసుకుంటే ఇచ్చేవాళ్లు మీకు బాగా తెలిసినవాళ్లై ఉండాలి. ప్రమాదంలో ఉన్న సీటు బయటికి బాగానే కనబడుతుంది, లోపల చీలిక ఉండొచ్చు. తయారీ తేదీ, గడువు అడుగు భాగంలో ప్లాస్టిక్ మీదే ఉంటాయి, తిప్పి చూడండి.

బిగించడం

ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట వెనక్కి తిరిగిన సీటు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే సరిగ్గా బిడ్డ తల వెనకున్న సీటు వీపునే కొడుతుంది. ఎండకి అడ్డంగా దించుకునే రేకు మీద బిడ్డ బొమ్మ, ఎర్ర గీత ఉన్న స్టిక్కర్ దీని గురించే. పిల్లల సీటు వెనకే, ఏ వయసుకైనా.

బెల్టుతో బిగించే సీటైతే, బెల్టుని సీటు మీద రంగు గీతలు చూపించిన దారిలోనే పోనివ్వండి. వెనక్కి తిరిగినప్పుడు ఒక దారి, ముందుకి తిరిగినప్పుడు ఇంకో దారి. చాలా సీట్లలో నీలం, ఎరుపు రంగులుంటాయి. తర్వాత బెల్టు బకిల్‌లో పెట్టి, మీ మోకాలు సీటు మీద పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కుతూ, రెండో చేత్తో భుజం బెల్టుని గుంజండి. చొక్కా తడిసేదాకా గుంజితేగానీ సరిగ్గా బిగియదు. ఇప్పుడు బెల్టు దూరిన చోట సీటుని పట్టుకుని పక్కకీ ముందుకీ ఊపండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. సీటు పై అంచు పట్టుకుని ఊపితే కదులుతుంది, అది లెక్క కాదు. కారు బకిల్ సీటు ప్లాస్టిక్ అంచు మీద వంగి ఉంటే ఆ చోటు ఆ సీటుకి పనికిరాదు.

ఐసోఫిక్స్ అయితే రెండు వైపులా టక్ మని శబ్దం రావాలి, గుర్తు పచ్చగా మారాలి. ఒక వైపు పచ్చ, ఒక వైపు ఎరుపు ఉంటే మళ్లీ మొదటినుంచి.

పుట్టిన బిడ్డకి సీటు దాదాపు 45 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. సీటు పక్కన గీతో నీటి బుడగో ఉంటుంది. కారుని ఎత్తుపల్లాలు లేని చోట ఆపి చూడండి. నిటారుగా ఉంటే బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి ఇబ్బంది అవుతుంది. ఈ కారణంగానే మొదటి వారాల్లో ఒక్కసారికి అరగంట కంటే ఎక్కువ సీట్లో ఉంచకూడదు, తర్వాత కూడా రెండు గంటలకోసారి తీయాలి. శ్రీకాకుళం నుంచి విశాఖ ఆసుపత్రికి వెళ్లే తల్లిదండ్రులు పసిబిడ్డతో అయితే అరగంటకోసారి, రణస్థలం, భోగాపురం లాంటి చోట్ల ఆగేలా టైము చూసుకుని బయల్దేరండి. ఇల్లు చేరాక బిడ్డ సీట్లోనే నిద్రపోతున్నా తీసి పక్క మీద పడుకోబెట్టాలి.

కూర్చోబెట్టేటప్పుడు

వెనక్కి తిరిగిన సీట్లో భుజాల బెల్టులు భుజానికి సమంగానో కాస్త కింద నుంచో రావాలి. ముందుకి తిరిగిన సీట్లో సమంగానో కాస్త పై నుంచో రావాలి. బకిల్ పెట్టాక బెల్టుని లాగి బిగించి, భుజం దగ్గర రెండు వేళ్లతో బెల్టుని గిల్లి చూడండి. మడత వేళ్ల మధ్యకి వస్తే ఇంకా వదులే.

మన పిల్లల ఒంటి మీద ఉండేవి ఏ మాన్యువల్‌లోనూ రాయరు. మొలతాడుకి కట్టిన తాయెత్తు సరిగ్గా కాళ్ల మధ్య బకిల్ కిందకి వచ్చి పొట్ట దిగువన నొక్కుతుంది. బిడ్డ ఏడుస్తుంది, మనం సీటే నచ్చలేదనుకుంటాం. తాయెత్తుని పక్కకి జరపండి. మెడలో గొలుసు తీసి పర్సులో పెట్టండి. పైడితల్లి సిరిమానోత్సవానికి పట్టులంగా వేస్తే ఆ లంగా కాళ్ల మధ్య కుప్పపడి బకిల్ కిందకి దిగదు. లంగాని నడుము దాకా పైకి తీసి, బకిల్ పెట్టి, మళ్లీ పైన కప్పండి. చలికాలంలో ఎస్.కోట మీదుగా అరకు వెళ్లేటప్పుడు ఊలు స్వెట్టరు మీద బెల్టు పెట్టకండి. గుద్దుకున్నప్పుడు ఊలు నలిగిపోయి బెల్టుకీ ఒంటికీ మధ్య ఖాళీ వస్తుంది. పలచని చొక్కా మీద బెల్టు పెట్టి, స్వెట్టరుని పైన కప్పండి. బిడ్డ కింద బొంత, దిండు వేయడం కూడా ఇదే కారణంగా వద్దు. సీటుతోపాటు వచ్చిన మెత్తలు మాత్రమే వాడాలి.

ఎండాకాలం ఇంకో గొడవ. ఆరుబయట ఆపిన కారులో బకిల్ మీది ఇనుము కాలిపోయి ఉంటుంది. అరసవల్లి దర్శనానికి దిగేటప్పుడు సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పి వెళ్లండి. తిరిగొచ్చాక బకిల్‌ని చెయ్యి వెనక వైపుతో తాకి చూసి, అప్పుడు బిడ్డని కూర్చోబెట్టండి. బిడ్డ నిద్రపోతోంది కదా, రెండు నిమిషాల్లో వచ్చేస్తాం కదా అని అద్దాలు మూసిన కారులో వదలకండి. నిమిషాల్లోనే లోపల వేడి ప్రాణం మీదకి వస్తుంది.

ఏడుపు, నానమ్మ, హైవే

అసలు పరీక్ష ఇక్కడే. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కన కూర్చున్న నానమ్మ "గుంటణ్ణి అలా కట్టేస్తారేటి, ఇటియ్యి నాకు" అంటుంది. బండి నడుస్తుండగానే బకిల్ ఊడిపోతుంది. దీనికి వాదన కంటే ముందస్తు పని మేలు. సీటు వచ్చాక రెండు మూడు రోజులు హాల్లో పెట్టండి. బిడ్డ అందులో కూర్చుని ఆడుకోవాలి, మరమరాలు తినాలి. పెద్దావిడకే బకిల్ పెట్టడం, తీయడం నేర్పించండి. తన చేత్తో పెట్టిన బకిల్‌ని తను ఊడదీయదు. మొదటి ప్రయాణాలు చిన్నవే పెట్టుకోండి, కళింగపట్నం దాకా వద్దు, ఊళ్లోనే ఒక చుట్టు చాలు.

ఇంటి నియమం ఒకటే: బిడ్డని తీయాలంటే బండి ఆగాలి. పాలివ్వాలంటే మడపాం టోల్‌గేటు దాటాక ఏదో ధాబా దగ్గర పక్కకి తీసి, పాలిచ్చి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, అప్పుడు మళ్లీ కట్టండి. నడుస్తున్న బండిలో పాలివ్వకండి. గుడి ఇక్కడే కదా, అయిదు నిమిషాలే కదా అని ఒక్కసారి వదిలేస్తే ఆ తర్వాత ప్రతిసారీ బిడ్డ బేరం పెడుతుంది.

బూస్టర్ నుంచి ఉత్త బెల్టుకి

బూస్టర్ తీసేయొచ్చా లేదా అనేది బిడ్డని కారు సీట్లో కూర్చోబెట్టి తేల్చుకోవాలి. నడుము సీటు వీపుకి పూర్తిగా ఆనాలి, అలా ఆనించినప్పుడు మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి. నడుము బెల్టు తొడల మీద, తుంటి ఎముకకి తగులుతూ ఉండాలి, పొట్ట మీద కాదు. భుజం బెల్టు భుజం మధ్య నుంచి ఛాతీ మీదుగా రావాలి, మెడకి రాసుకోకూడదు. ప్రయాణం మొత్తం ఇలాగే కూర్చోగలగాలి. దాదాపు 145 నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఇవన్నీ కుదురుతాయి, అంటే పదికీ పన్నెండుకీ మధ్య ఎప్పుడో. మూడో తరగతి పిల్లాడు "నేను పెద్దోణ్ణయిపోయాను, క్లాసులో నవ్వుతారు" అంటాడు. వీపు భాగం మీద నచ్చిన క్రికెటర్ స్టిక్కర్ వేయించండి, కొన్ని నెలలు గడుస్తాయి. మీ కారులో సరిపోయినా తాతగారి కారులో సీటు లోతు వేరు, అక్కడ మళ్లీ చూడాలి. బెల్టు మెడకి తగులుతోందని చంక కింద నుంచి వేసుకోనివ్వకండి, పక్కటెముకలు విరిగేది అలానే.

కడగడం, పారేయడం

కళింగపట్నం ఇసుక, బిస్కెట్ పొడి, రసం మరకలు అన్నీ బకిల్ లోపలికి చేరతాయి. టక్ మని శబ్దం రాకపోతే బకిల్‌ని మాన్యువల్‌లో చెప్పినట్టు గోరువెచ్చని నీళ్లలో ఊపి ఆరబెట్టండి. నూనె వేయొద్దు. గుడ్డ కవరు ఉతకొచ్చు. బెల్టు పట్టీల్ని మాత్రం మెషీన్‌లో వేయకండి, బ్లీచింగ్ పెట్టకండి, తడిగుడ్డకి కాస్త సబ్బు పెట్టి తుడిస్తే చాలు.

కారుకి గట్టి ప్రమాదం జరిగితే, సీట్లో బిడ్డ లేకపోయినా, ఆ సీటు పని అయిపోయినట్టే. గడువు దాటినదీ అంతే. బాగానే ఉంది కదా అని ఊళ్లో ఎవరికో ఇవ్వకండి. పాత సామాన్ల బండికి వేసే ముందు బెల్టులన్నీ కత్తెరతో కత్తిరించేయండి, వీపు మీద మార్కర్‌తో "పనికిరాదు" అని పెద్దగా రాయండి. లేకపోతే తుడిచి, కవరు మార్చి ఇంకెవరికో అమ్మేస్తారు.